రెండో శనివారం లెక్క: థెరపీ సెంటర్ బిల్లులను మనమే తనిఖీ చేసుకునే పద్ధతి

బోనాల సోమవారం మా సెంటర్‌కు తాళం. వేసింది నేనే. ఆ రోజు లాల్‌దర్వాజలో మా వదిన వాళ్ళింటికి వెళ్ళి, ఘటాల ఊరేగింపు చూసి, రాత్రికి ఇల్లు చేరాను. ఆగస్టు రెండో శనివారం జూలై బిల్లులు ముందేసుకుని కూర్చుంటే, అదే సోమవారం నాడు మా దగ్గర తొమ్మిది మంది పిల్లలకు స్పీచ్ థెరపీ జరిగినట్టు కనిపించింది. హాజరు పట్టీలో టిక్కు ఉంది, బిల్లులో తేదీ ఉంది, టాలీలో (మేం లెక్కలు రాసే సాఫ్ట్‌వేర్) డబ్బు ఉంది. పైసా తేడా లేదు.

లెక్క కుదరకపోతే రాత్రి నిద్ర పట్టదు గానీ, కుదిరిన లెక్కను మళ్ళీ తెరిచి చూసేదెవరు? నేనూ చూసేదాన్ని కాదు. పండగ నాడు నేనెక్కడున్నానో నాకు గుర్తుండబట్టి దొరికింది.

నేను పదకొండేళ్ళు ఒక చిట్టీల కంపెనీ బ్రాంచిలో క్యాషియర్‌గా చేశాను. ఇప్పుడు నేరేడ్‌మెట్ వైపు ప్రత్యేక అవసరాల పిల్లల థెరపీ సెంటర్‌లో లెక్కలు చూస్తున్నాను, ఇది ఆరో ఏడు. ఒక ట్రస్టు నడిపే చిన్న సెంటర్. అరవై మంది దాకా పిల్లలు, నలుగురు థెరపిస్టులు, ఒక స్పెషల్ ఎడ్యుకేటర్, రిసెప్షన్‌లో ఒక అమ్మాయి, నేను. నెలకు 110 దాకా బిల్లులు తెగుతాయి. ఇలాంటి సెంటర్లు మన జంట నగరాల్లో గల్లీకొకటి ఉన్నాయి. వాటిలో లెక్కలు చూసేవాళ్ళకు పనికొస్తుందని మా పద్ధతి రాస్తున్నాను.

ఏడాదికోసారి ఆడిటర్ గారు వస్తారు కదా అంటారు. వస్తారు. ఆయన చూసేది వోచరూ బ్యాంకు స్టేట్‌మెంటూ. ఫలానా బుధవారం సాయంత్రం నాలుగింటికి పిల్లాడు గదిలో కూర్చున్నాడా లేదా అనేది ఆయన చూడలేరు. అది చూడగలిగింది మనమే.

చీటీలు తీయడం

ప్రతి నెలా రెండో శనివారం మధ్యాహ్నం మూడు గంటలు దీనికే. అప్పటికి పోయిన నెల బిల్లులన్నీ తెగి ఉంటాయి, డబ్బులూ చాలావరకు వచ్చి ఉంటాయి. మొత్తం 110 చూడాలంటే ఎవరివల్లా కాదు. అందుకని బిల్లు నంబర్లు చిన్న చీటీల మీద రాసి, స్టీలు డబ్బాలో వేసి, కుదిపి, ఇరవై తీస్తాం. చిట్టీల కంపెనీ బుద్ధి, పోలేదు.

కట్టలోంచి చేతికి వచ్చినవి తీసుకుంటే చాలదా అని మా సార్ మొదట్లో నవ్వారు. చాలదు. మన చెయ్యి తెలియకుండానే శుభ్రంగా ఉన్న బిల్లు మీదికే పోతుంది. గజిబిజిగా ఉన్నదాన్ని పక్కకు నెట్టి కింది దాన్ని లాగుతాం. డబ్బాకు ఆ మొహమాటం ఉండదు.

ఇంకో నియమం. బిల్లు తయారుచేసిన మనిషే దాన్ని తనిఖీ చేయకూడదు. ఉన్నదే ఇద్దరం, ఏం చేస్తాం? రిసెప్షన్ అమ్మాయి కొట్టిన బిల్లులు నేను చూస్తాను, నేను రాసిన రసీదులు ఆ అమ్మాయి చూస్తుంది. డిగ్రీ అయి రెండేళ్ళు కాలేదు, నా తప్పు పట్టుకోవడానికి మొదట్లో భయపడేది. ఇప్పుడు భయం నాకు.

బిల్లు నుంచి వెనక్కి నడవడం

చీటీ వచ్చిందంటే ఆ బిల్లు పట్టుకుని వెనక్కి వెళ్ళాలి. బిల్లులో ఉన్న ఒక్కొక్క తేదీకీ నాలుగు కాగితాలు చేతికి రావాలి: హాజరు పట్టీ, థెరపిస్టు ఆ రోజు రాసుకున్న నోట్, థెరపిస్టు తన సొంత హాజరు, డబ్బు వచ్చిన ఆధారం. నాలుగూ వస్తే ఆ తేదీ మీద పెన్సిల్‌తో చిన్న గీత. ఒక్కటి రాకపోయినా బిల్లు పక్కన పెట్టాలి.

హాజరు పట్టీని అంత తేలిగ్గా నమ్మకండి. మా బోనాల గొడవ అక్కడే మొదలైంది. రిసెప్షన్‌లో నెల మొదట్లోనే సోమ, బుధ, శుక్రవారాల తేదీలు అచ్చువేసి పట్టీ ఇచ్చేవాళ్ళం. స్పీచ్ మేడమ్ నెలాఖరున కూర్చుని పై నుంచి కిందికి టిక్కులు కొట్టుకుంటూ వచ్చేశారు. అడిగితే "సోమవారం బదులు శనివారం తీసుకున్నాను కదండీ" అన్నారు. నిజమే, ఐదుగురికి తీసుకున్నారు. మిగతా నలుగురు ఆ శనివారం రాలేదు. ఇందులో దొంగతనం ఎక్కడా లేదు. కానీ జరగని రోజు జరిగినట్టు రాసిన కాగితాలు తొమ్మిది బయటికి వెళ్ళిపోయాయి, అందులో రెండు బీమా క్లెయిమ్‌కు. బదులు క్లాసు తీసుకుంటే బిల్లులో ఆ బదులు తేదీయే ఉండాలి. సెషన్ల సంఖ్య సరిపోతుంది కదా అంటే కుదరదు.

థెరపిస్టు నోట్ దగ్గర ఎక్కువసేపు ఆగుతాను. ఒక పిల్లాడి ఫైల్లో పన్నెండు సెషన్లకు పన్నెండుసార్లూ ఒకటే వాక్యం: "కంటిచూపు కలిపాడు, రెండు దశల సూచన పాటించాడు." అక్షరం మారలేదు. అదే వరుసలో ఓటీ (ఆక్యుపేషనల్ థెరపీ) మేడమ్ రాసిన నోట్ చూడండి: "ఈ రోజు దగ్గు. బూట్లు విప్పనన్నాడు. ఊయల మీద ఎనిమిది నిమిషాలు, తర్వాత గోడ వైపు తిరిగి కూర్చున్నాడు. ముందే ఆపేసి అమ్మతో మాట్లాడాను." ఆ రోజు పిల్లాడు వచ్చాడని నాకు వేరే సాక్ష్యం అక్కర్లేదు. పైగా ఆ రోజు సెషన్ పూర్తిగా జరగలేదని కూడా తెలిసింది. 45 నిమిషాల బిల్లు కొట్టాలా, సగమా? మా దగ్గర రాతపూర్వకంగా ఒక నియమం పెట్టుకున్నాం: పిల్లాడు వచ్చి 25 నిమిషాలు దాటితే పూర్తి సెషన్, లోపైతే సగం. మీరు వేరే పెట్టుకోండి, ఏదో ఒకటి ఉండాలి, తల్లిదండ్రులకు ముందే తెలియాలి. మనిషిని బట్టి మారకూడదు.

థెరపిస్టుల మీద అనుమానంతో ఇదంతా చేస్తున్నట్టు అనిపించకూడదు. నోట్ కాపీ చేసిన మేడమ్‌కు ఆ నెల రోజుకు తొమ్మిది సెషన్లున్నాయి. రాయడానికి టైమ్ ఎక్కడిది? ఇప్పుడు సెషన్‌కూ సెషన్‌కూ మధ్య ఐదు నిమిషాలు ఖాళీ వదిలాం. రెండు లైన్లు చాలు. కానీ ఆ రోజుదే రాయాలి.

టైమ్ గుద్దుకోవడం

ఇది పది నిమిషాల పని, దొరికేది మాత్రం ఎక్కువ. నెల సెషన్లన్నీ ఎక్సెల్‌లో పెట్టి, మొదట థెరపిస్టు పేరు, తర్వాత తేదీ, తర్వాత మొదలైన టైమ్ వరుసలో సర్దండి. ఒకే మేడమ్ నాలుగింటికి రెండు గదుల్లో కనిపిస్తే కళ్ళకు కొట్టొచ్చినట్టు తెలుస్తుంది. గ్రూప్ థెరపీ అయితే గ్రూప్ అని రాయాలి, దాని రేటు వేరు. ఇద్దరు పిల్లల్ని కలిపి కూర్చోబెట్టి ఇద్దరికీ విడివిడి సెషన్ బిల్లు కొట్టడం మేం ఒకసారి చేసిన పొరపాటే.

ఇంకో గుర్తు. పదింటి నుంచి ఆరింటి దాకా 480 నిమిషాలు. 45 నిమిషాల సెషన్లు పదకొండు అంటే 495. అన్నం తినకపోయినా కుదరదు. అలాంటి రోజు కనిపిస్తే ఆ రోజు మొత్తం తిరగేయాలి.

థెరపిస్టుల సెలవు పుస్తకం కూడా పక్కనే పెట్టుకోండి. సెలవులో ఉన్న మేడమ్ పేరు మీద సెషన్లుంటే, సాధారణంగా వేరే ఎవరో తీసుకుని ఉంటారు. ఎవరు తీసుకున్నారో వాళ్ళ పేరే బిల్లులో ఉండాలి. ట్రెయినీ తీసుకుంటే మరీ జాగ్రత్త. మనోవికాస్‌నగర్‌లోని ఎన్‌ఐఈపీఐడీలో (మేధో వైకల్యాలున్నవాళ్ళ కోసం పనిచేసే జాతీయ సంస్థ) చదువుకునే అమ్మాయిలు మా దగ్గరికి నేర్చుకోవడానికి వస్తారు. బాగా చేస్తారు. కానీ వాళ్ళు చేసిన సెషన్‌ను సీనియర్ పేరు మీద, సీనియర్ రేటుకు వేయకూడదు.

దీనికి సంబంధించిందే రిజిస్ట్రేషన్ నంబరు. స్పీచ్ థెరపిస్టు, క్లినికల్ సైకాలజిస్టు, స్పెషల్ ఎడ్యుకేటర్ లాంటివాళ్ళు 1992 నాటి ఆర్‌సీఐ చట్టం (భారత పునరావాస మండలి చట్టం) కింద కేంద్ర పునరావాస రిజిస్టర్‌లో నమోదై ఉండాలి. ఆ రిజిస్టర్ నంబరు (సీఆర్ఆర్ నంబరు) బిల్లు మీద వేయండి, దాని గడువు ఎప్పుడు తీరుతుందో గోడ క్యాలెండర్‌లో రాసుకోండి. ఫిజియో, ఓటీ వాళ్ళు ఆర్‌సీఐ కిందికి రారు. వాళ్ళ వృత్తులకు 2021లో వేరే చట్టం వచ్చింది. వాళ్ళ బిల్లు మీద కూడా అలవాటుగా సీఆర్ఆర్ అని అచ్చువేసి ఖాళీ వదిలిన బిల్లులు నేను చూశాను. లేని నంబరుకు గడి ఎందుకు?

ఒక సెషన్‌కు ఇద్దరి దగ్గర డబ్బు

అసలు ప్రమాదం ఇక్కడుంది.

మా పిల్లల్లో కొందరికి ఒక కంపెనీ సీఎస్ఆర్ (సామాజిక బాధ్యత నిధులు) కింద ఫీజు కడుతుంది. కొందరికి నిరామయ కార్డు ఉంది. తెలియనివాళ్ళకు చెబుతాను, నిరామయ అంటే నేషనల్ ట్రస్ట్ వాళ్ళ ఆరోగ్య బీమా. 1999 చట్టం పరిధిలోకి వచ్చే ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, మేధో వైకల్యం, బహుళ వైకల్యాలు ఉన్నవాళ్ళకు ఏడాదికి 1 లక్ష రూపాయల దాకా. బీమాకు ముందు వైద్య పరీక్షలు అడగరు. మనం ముందు ఖర్చు పెట్టుకుని బిల్లులు పెడితే తర్వాత తిరిగి ఇస్తారు. థెరపీకి, మందులకు, ఆపరేషన్‌కు, ప్రయాణానికి విడివిడి పద్దులు, ఒక్కోదానికి ఒక్కో పరిమితి.

మొదటి ఏడు ఒక తల్లి వచ్చింది. ఇంట్లోనే జాకెట్లు కుడుతుంది. బాబు ఫీజులో ఎక్కువ భాగం కంపెనీ కడుతుంది. "అక్కా, నిరామయలో పెట్టుకుంటా, మొత్తం ఫీజుకు రసీదు ఇవ్వరాదూ" అంది. ఇచ్చాను. నాకంటే ముందున్నవాళ్ళు ఇచ్చేవాళ్ళట, నేనూ ఇచ్చాను. మల్కాజిగిరి నుంచి వారానికి మూడుసార్లు ఆటోలో బాబును ఎత్తుకుని వస్తుంది, ఏమనగలను? కానీ ఆమె కట్టని డబ్బుకు ఆమె కట్టినట్టు నేను సంతకం పెట్టాను. కంపెనీకి అదే సెషన్ల లెక్క పంపాను. రెండు కాగితాలూ ఒకచోట చేరితే మా సెంటర్ పరువు సంగతి అలా ఉంచండి, ఆ బాబు క్లెయిమే చిక్కుల్లో పడుతుంది.

ఇప్పుడు బిల్లు ఇలా ఇస్తున్నాం. 12 సెషన్లు, ఒక్కోటి 700 చొప్పున 8,400. కింద లైన్‌లో: దాత చెల్లించినది 7,000. ఆ కింద: కుటుంబం చెల్లించినది 1,400. క్లెయిమ్‌కు వెళ్ళాల్సింది ఆ 1,400 మాత్రమే. ఆమెకు ఇదే వివరంగా చెప్పి, ప్రయాణ ఖర్చుల పద్దు ఒకటుందని, రానుపోను రసీదులు దాచుకోమని చెప్పాను. అది ఆమెకు న్యాయంగా రావాల్సిన డబ్బు, ఎవరూ చెప్పక ఇన్నాళ్ళూ అడగలేదు.

తనిఖీలో దీన్ని పట్టుకోవాలంటే ప్రతి పిల్లాడి ఫైలు అట్ట మీద డబ్బు ఎక్కడెక్కడి నుంచి వస్తుందో రాసి ఉండాలి. తల్లిదండ్రులు, దాత, బీమా, ప్రభుత్వ గ్రాంటు. ఒకటికంటే ఎక్కువ టిక్కులున్న ఫైళ్ళు చీటీతో పని లేకుండా ప్రతి నెలా చూస్తాను. అలాంటివి మా దగ్గర తొమ్మిదో పదో ఉంటాయి. కేంద్ర గ్రాంటు తీసుకునే సంస్థలైతే ఏడాది చివర జీఎఫ్ఆర్ (కేంద్ర ఆర్థిక నియమాలు) 12-ఏ ఫారంలో వినియోగ పత్రం ఇవ్వాలి కదా, అందులో చూపించిన జీతాన్నే దాతకు కూడా చూపించలేదని సరిచూసుకోండి.

క్లెయిమ్‌కు వెళ్ళే బిల్లుల్లో ఇంకొన్ని చిన్నవి ఉంటాయి. కార్డు మీది పేరూ బిల్లు మీది పేరూ ఒకటేనా? మా రిసెప్షన్‌లో ఒకప్పుడు "మాస్టర్ బబ్లూ" అని బిల్లులు తెగేవి. ఇంట్లో అలాగే పిలుస్తారు మరి. డాక్టర్ గారి సిఫార్సు చీటీ తేదీ థెరపీ మొదలైన తేదీకి ముందుదా, తర్వాతదా? సెషన్ తేదీలు కార్డు చెల్లే కాలంలోనే ఉన్నాయా? అసలు బిల్లు ఒక్కసారే ఇవ్వాలి, మళ్ళీ అడిగితే "నకలు" అని ముద్ర వేసి ఇవ్వాలి. ఈ ముద్ర చేయించుకోవడానికి ఖర్చయ్యేది ఓ ప్లేటు బిర్యానీ డబ్బు, అయినా నాలుగేళ్ళు చేయించుకోలేదు.

పన్నుల సంగతి కాస్త

మార్చి వచ్చిందంటే ఫోన్లు. "మేడమ్, 75 వేలకు రసీదు కావాలి, టాక్స్‌కు." 80డీడీ అని అందరూ పిలుచుకునే మినహాయింపు అది, పాత పన్ను విధానంలో ఉన్నవాళ్ళకు. నిజానికి దానికి అంత రసీదు అక్కర్లేదు. వైకల్యం 40 శాతం, ఆ పైన ఉంటే 75,000, 80 శాతం, ఆ పైన ఉంటే 1,25,000, ఎంత ఖర్చు పెట్టారన్నదానితో సంబంధం లేకుండా అంతే మినహాయింపు. ఆ బిడ్డ కోసం ఖర్చు పెట్టి ఉండాలి, వైకల్య ధ్రువపత్రం ఉండాలి. ఈ మాట చెబితే సగం మంది అక్కడే ఆగిపోతారు. కాబట్టి ఏప్రిల్ తనిఖీలో మార్చి 20 నుంచి 31 దాకా తెగిన పెద్ద రసీదులన్నీ విడిగా తీసి చూస్తాను.

జీఎస్టీ విషయంలో మాది 12ఏబీ (ఆదాయపు పన్ను చట్టం కింద ధార్మిక సంస్థగా నమోదు) ఉన్న ట్రస్టు. అలాంటి సంస్థ నడిపే పునరావాస కేంద్రంలో ఆర్‌సీఐ గుర్తింపున్న నిపుణులిచ్చే థెరపీకి, కౌన్సెలింగ్‌కు 2019 జనవరి నుంచి పన్ను లేదు. మీ సెంటర్ ప్రైవేటుదైతే మీ మినహాయింపు ఏ పద్దు కింద వస్తుందో మీ ఆడిటర్‌తో రాయించుకుని ఫైల్లో పెట్టుకోండి. మేం తప్పు చేసింది వేరేచోట. రిసెప్షన్‌లో అమ్మే థెరపీ సామాన్లు (నమిలే గొట్టాలు, బరువు జాకెట్లు, పజిల్ పెట్టెలు) "థెరపీ ఛార్జీలు" లైన్‌లోనే కలిపేశాం. వస్తువు వేరు, సేవ వేరు. అవి వేరే బిల్లు.

నగదు తీసుకుంటే రెండు చూడండి. 5,000 దాటిన రసీదు మీద రూపాయి రెవెన్యూ స్టాంపు. ఒకే మనిషి నుంచి ఒక రోజులో 2 లక్షలు, అంతకు మించి నగదు తీసుకోవద్దు, ఏడాది ఫీజు ఒకేసారి కడతామని ఎంత బతిమాలినా సరే. ఫోన్‌పే, గూగుల్‌పే చెల్లింపులకు స్క్రీన్‌షాట్ ఆధారం కింద లెక్క వేయొద్దు. అందులో ఉన్న 12 అంకెల నంబరును బ్యాంకు స్టేట్‌మెంట్‌లో వెతికి, దొరికాకే గీత గీయాలి. ఒకే స్క్రీన్‌షాట్ రెండు నెలలకు వచ్చిన సందర్భం ఉంది. ఆ తండ్రి పాపం నిజంగానే పొరబడ్డాడు.

తప్పు దొరికాక

దొరకగానే దిద్దేయాలనిపిస్తుంది. వైట్‌నర్ ముట్టుకోకండి. తప్పు బిల్లును అడ్డంగా గీత కొట్టి, "రద్దు" అని రాసి, తేదీ వేసి, రెండు ప్రతులూ పుస్తకంలోనే ఉంచి, కొత్త నంబరుతో కొత్త బిల్లు తీయాలి. కొత్తదాని మీద పాత నంబరు రాయాలి. తనిఖీ కోసం పెట్టుకున్న నోట్ బుక్కులో నాలుగు గడులు: ఏం దొరికింది, ఎందుకు జరిగింది, ఎంత డబ్బు, ఏం చేశాం. "ఎందుకు" గడి ఖాళీగా వదిలితే వచ్చే నెల అదే తప్పు మళ్ళీ పలకరిస్తుంది.

ఇరవై చీటీల్లో ఒకటి తప్పైతే దాన్ని దిద్ది వదిలేస్తాం. రెండు, అంతకు మించి ఒకే రకంగా ఉంటే చీటీల ఆట అక్కడితో ఆపి, ఆ రకం బిల్లులన్నీ తీస్తాం. బోనాల రోజువి మాత్రం మొదట ఒక్కటే దొరికినా, సెలవు రోజు కాబట్టి ఆ తేదీ మొత్తం తీసి తొమ్మిదీ బయటపెట్టాం.

ఆ తొమ్మిదింటిలో ఐదింటికి తేదీ మార్చి కొత్త బిల్లులిచ్చాం. క్లెయిమ్‌కు వెళ్ళిన రెండూ ఈ ఐదులోవే. ఒకటి ఇంకా ఆ తండ్రి బ్యాగులోనే ఉంది, మార్చి ఇచ్చాం. రెండోది పంపేశారు, దానికి సవరించిన బిల్లు, కారణం రాసిన ఉత్తరం ఇచ్చి, వాళ్ళ చేత పంపించాం. మిగతా నలుగురిలో ముగ్గురికి 700 చొప్పున ఆగస్టు ఫీజులో తగ్గించాం. నాలుగోది కంపెనీ డబ్బు. 700 రూపాయలకు ఉత్తరమా అని మా సార్ కాస్త నసిగారు. రాయించాను. వచ్చే వాయిదాలో తగ్గించుకుంటామని జవాబు వచ్చింది, అంతే. టెన్షన్ పడ్డదంతా మేమే.

ఇప్పుడు హాజరు పట్టీలో తేదీలు అచ్చువేయడం లేదు. గదిలోంచి పిల్లాడు బయటికి రాగానే మేడమ్ చేత్తో తేదీ, టైమ్ రాస్తారు, తీసుకెళ్ళడానికి వచ్చినవాళ్ళు పక్కన సంతకం పెడతారు. తాతయ్య వస్తే వేలిముద్ర.

పోయిన నెల డబ్బా కుదిపి తీసిన చీటీల్లో ఒకటి నా రసీదుది. రిసెప్షన్ అమ్మాయి దాన్ని క్యాలెండర్ పక్కన పెట్టి చాలాసేపు చూసింది.

"ఆంటీ, ఇది ఆదివారం కదా?"

ఆదివారమే. నగదు శనివారం సాయంత్రం ఇచ్చారు, హడావుడిలో మర్నాటి తేదీ వేశాను. నోట్ బుక్కు తెరిచి "ఎందుకు జరిగింది" గడి దగ్గర పెన్ను పెట్టి నా వైపు చూసింది. ఏం రాయమంటారని అడగలేదు. తనే రాసుకుంది: "ఆంటీ బస్సుకు టైమైంది."